పూత రాని మొక్క

ఇన్సులిన్ పెన్నుల డబ్బా ఫ్రిజ్‌లో ఏ అరలో ఉండాలన్న తగువు ఆ జూన్ నాటికి మా ఇంట్లో బాగా ముదిరింది. పొద్దున్నే పాల కోసం తలుపు తీస్తే ముందు అదే కనపడుతోందనీ, లేస్తూనే సూదుల మొహం చూడటం ఇంటికి మంచిది కాదనీ అత్తయ్య దాన్ని కింద కూరగాయల సొరుగులోకి తోసేసేది. అక్కడుంటే ఆయన కంటపడదు, కంటపడకపోతే ఎప్పటికీ మొదలుపెట్టరు అని నేను మళ్లీ పైకి తెచ్చి పెరుగు గిన్నె పక్కన పెట్టేదాన్ని. సాయంత్రానికి అది మళ్లీ వంకాయల కిందికి చేరేది. ఎవరి కోసం కొన్నామో ఆ మనిషి మాత్రం అదేదో పక్కింటివాళ్ల సామాను అన్నట్టు, మా ఇద్దరి మధ్యనుంచి చెయ్యి పెట్టి పాలు తీసుకుని కాఫీ కలుపుకునేవారు.

"నాలుగు రోజులు కంటికి ఆనకుండా ఉంటే ఏం కొంపలు మునుగుతాయే విద్యా?" అంది అత్తయ్య ఒకరోజు.

"మునుగుతాయనే కదత్తయ్యా డాక్టర్ రాసిచ్చింది," అన్నాను.

ఆవిడ డబ్బా మీద కొత్తిమీర కట్ట పెట్టి సొరుగు మూసింది.

మా ఆయన రఘువీర్‌కి షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. ఒక మాత్ర రెండయింది, రెండు మూడయ్యాయి. మే నెలలో పరీక్ష చేస్తే మూడు నెలల సగటు పది దాటిపోయింది. ఇక మాత్రలతో లాభం లేదు, ఇన్సులిన్ మొదలుపెట్టాల్సిందేనని డాక్టర్ గట్టిగా చెప్పింది. ఈయన ఆగస్టు చివరిదాకా టైమ్ అడిగారు. తిండి తగ్గిస్తాను, నడుస్తాను, అప్పటికీ తగ్గకపోతే నేనే వచ్చి అడుగుతాను అన్నారు. ఆ డాక్టరమ్మ ఒప్పుకోలేక ఒప్పుకుని, మందులు మాత్రం రాసి మా చేతిలో పెట్టింది.

తెనాలిలో మా మామయ్యగారికి ఇన్సులిన్ మొదలుపెట్టిన ఏడాదే కాలి వేళ్లు తీసేశారు. తర్వాత పాదం తీశారు. ఆ తర్వాత మనిషే పోయారు. అప్పటికి ఈయన ఇంకా ఇంజినీరింగ్ చదువుతున్నారు. సూది వల్ల కాదు, సూది ఆలస్యంగా రావడం వల్ల అని ఎంతమంది డాక్టర్లు చెప్పినా సరే, సూదీ కాలూ ఆయన మనసులో ఒకే ముడిలో పడిపోయాయి. అత్తయ్యకీ అంతే. మిగతా అన్ని విషయాల్లో ఇద్దరికీ క్షణం పడదు గానీ, ఇందులో తల్లీకొడుకులు ఒక జట్టు.

నా భయం నాకుంది. ఒకరోజు గరాజ్‌లో ఏవో డబ్బాలు సర్దుతూ ఆయన ఒక కాలికే చెప్పు వేసుకుని తిరుగుతున్నారు. రెండో చెప్పు తలుపు దగ్గరే జారిపోయి ఉంది. కింద సిమెంటు కాలిపోతోంది. ఆ కాలికి చెప్పు లేదన్న సంగతే ఆయనకి తెలియలేదు. నేను ఆ చెప్పు తెచ్చి ఆయన కాలి ముందు పెట్టాను. చూసి, తొడుక్కుని, మళ్లీ పనిలో పడ్డారు.

మాకు ఒక్కతే అమ్మాయి, కృతి. ఫోర్ట్ కాలిన్స్‌లో బోటనీ చదువుతోంది. ఆ వేసవిలో దానికి ఒక ప్రొఫెసర్ దగ్గర పని దొరికింది. మేముండే డెన్వర్‌కి పడమరగా, ఫెయిర్‌ప్లే అనే ఊరు దాటాక పదివేల అడుగుల ఎత్తున ఒక పచ్చికబయలు ఉంది. అక్కడ మొక్కలు లెక్కపెట్టాలి. స్నేహితుల పిల్లలంతా సియాటిల్‌లోనూ ఆస్టిన్‌లోనూ ఇంటర్న్‌షిప్పులు చేస్తుంటే మన పిల్ల గడ్డి లెక్కపెట్టడమేమిటని ఆయనకి లోపల ఉండేది. పైకి అనేవారు కాదు. ఫ్యామిలీ గ్రూప్‌లో అది పెట్టే ప్రతి ఫొటోకీ ఒక బొటనవేలు బొమ్మ కొట్టి ఊరుకునేవారు.

జూన్ చివర్లో ఒక సాయంత్రం అది తన కంటే ఎత్తున్న మొక్క పక్కన నిలబడి ఫొటో పంపింది. లావుపాటి కాడ, దాని చుట్టూ అంతస్తులుగా ఆకులు, ఆకుల మధ్య లేతాకుపచ్చ పువ్వులు. గ్రీన్ జెన్షన్ అని పేరు రాసింది. ఇది ఇరవై, ముప్పై ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం, ఆకులతోనే నేలనంటుకుని ఉంటుందట. ఒక్కసారే పూస్తుంది, పూశాక చచ్చిపోతుంది. ఈ ఏడాది కొండంతా పూసింది అని రాసింది.

ఆయన ఈసారి బొటనవేలు కొట్టలేదు. ఫొటో పెద్దది చేసి చూశారు. మొక్కల్ని గుర్తుపట్టే యాప్ ఒకటి ఫోన్‌లోకి దించుకున్నారు. జెన్షన్ కుటుంబంలో ఇంకేమేం ఉన్నాయో వెతుక్కుంటూ చాలాసేపు కూర్చుని, భోజనాల దగ్గర ఫోన్ తెచ్చి తల్లి ముందు పెట్టారు.

"అమ్మా, మన కిరాతతిక్త ఉంది చూడు, అదీ ఇదీ ఒకటే ఫ్యామిలీ."

అత్తయ్య అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. ఆవిడ పుట్టింట్లో మందులు నూరేవాళ్లు. వాళ్ల నాన్నగారు ఊళ్లోవాళ్లకి వైద్యం చేసేవారట. హిమాలయాల నుంచి వచ్చే ఆ చేదు పుల్లల్ని జ్వరాలకీ మధుమేహానికీ కాచి ఇచ్చేవారని మేము చాలాసార్లు విన్నదే. "అయితే ఈ కొండల్లోనూ ఉందన్నమాట," అంది, దూరపు చుట్టాలెవరో పక్క ఊళ్లోనే కాపురం ఉంటున్నారని అప్పుడే తెలిసినట్టు.

ఆ శనివారమే అందరం బయల్దేరి వెళ్లాం. కృతి టోపీ పెట్టుకుని, మోకాళ్లనిండా మట్టితో ఎదురొచ్చింది. తండ్రి ఒక మొక్క గురించి అడగడం దాని జీవితంలో అదే మొదటిసారి. ఎండలో దాని మొహం ఎంత వెలిగిపోయిందో ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది. ఆయన చత్వారం కళ్లజోడు పెట్టుకుని పువ్వు మీదికి వంగితే, అది గడ్డి పుల్లతో చూపిస్తూ చెప్పింది.

"చూడు నాన్నా, ఫోర్ పెటల్స్. ప్రతి పెటల్ మీదా పర్పుల్ చుక్కలు. ఇక్కడ చూడు, రెండు పింక్ గ్లాండ్స్, చుట్టూ ఫ్రింజ్ లాగా. ఇవి కనిపిస్తే ఇంక డౌట్ లేదు."

"పువ్వు లేకపోతే?"

"లేకపోతే నేను కూడా ఆగి చూడాలి. క్రీక్ దగ్గర వేరే మొక్క ఉంటుంది, కార్న్ లిలీ. చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. అది బ్యాడ్. చాలా పాయిజన్."

ఆయన తల ఊపారు. కొన్ని మొక్కల మొదట్లో చిన్న అల్యూమినియం బిళ్లలు గుచ్చి ఉన్నాయి. అవి ప్రొఫెసర్ చాలా ఏళ్ల నుంచి ఒక్కొక్కదాన్నీ పేరుపేరునా చూసుకుంటున్న మొక్కలట. కృతి అది చెబుతుండగానే అత్తయ్య ఒక ఆకు కొస గిల్లి నోట్లో వేసుకుంది. నానమ్మా వద్దు అని పిల్ల అరిచేలోపే నమలడం అయిపోయింది. ఆవిడ కళ్లు మూసుకుని కాసేపు నిలబడి, "అదే చేదు. నాలిక చివర మొదలై గొంతులోకి దిగుతోంది," అంది.

కృతికి సంగతి అర్థమైపోయింది. "నానమ్మా, సేమ్ ఫ్యామిలీ అంటే సేమ్ మందు కాదు. నేనూ ఈషానూ సేమ్ ఫ్యామిలీ కదా. నా ఎగ్జామ్ వాడు రాస్తే ఒప్పుకుంటారా?" అంది. ఈషాన్ మా ఆడపడుచు కొడుకు. అత్తయ్య నవ్వి దాని బుగ్గ పుణికింది. ఆయనా నవ్వారు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఎవరూ ఆ ఊసు ఎత్తకపోవడం చూసి, అది అక్కడితో అయిపోయిందని అనుకున్నాను.

జూలైలో ఒక ఆదివారం పార్కర్‌లో నా స్నేహితురాలు శాంతి వాళ్ల గృహప్రవేశానికి వెళ్లాను. తల్లీకొడుకులు గుడికి వెళ్తామన్నారు. నేను లేచేసరికే వెళ్లిపోయారు కూడా. సాయంత్రం వచ్చి చూస్తే గుమ్మంలో అత్తయ్య చెప్పులు బురద కొట్టుకుపోయి ఉన్నాయి. గరాజ్‌లో పాత దుప్పటి పరిచి ఉంది. దాని మీద వేళ్లూ ఆకులూ రెండు కుప్పలుగా పోసి ఉన్నాయి.

నేను అడగకముందే అత్తయ్య చెప్పింది. ఆదివారం పుష్యమి కలిసొచ్చిందట. మందుమొక్క తీయడానికి అంతకంటే మంచి రోజు దొరకదట. చీకటితో బయల్దేరి, మొక్క దగ్గర రాయికి పసుపూ కుంకుమా పెట్టి, అక్షింతలు వేసి, ప్రాణం నిలబెట్టడం కోసం నిన్ను తీసుకుంటున్నాం, కోపగించకు తల్లీ అని దండం పెట్టుకుని మరీ తవ్వారట. పూసినవాటిని ఒక్కదాన్నీ ముట్టుకోలేదని గర్వంగా అంది.

"పూసిందాంట్లో ఏముంటుందే, సారమంతా పూతలోకి పోతుంది. పూత రానిదాన్నే తీయాలి. మా నాన్న ఎప్పుడూ అదే చెప్పేవాడు."

కొండ మీద కొన్ని తవ్వేసరికి ఆవిడకి ఆయాసం వచ్చిందట. నేల కూడా రాయిలా ఉందట. అందుకని మిగతావి కింద వాగు పక్కన, మట్టి మెత్తగా ఉన్నచోట తీశారు. అవి ఇంకా బలంగా ఉన్నాయని ఆవిడ వాటిని వేరుగా కట్ట కట్టింది.

ఆయనవైపు చూశాను. గోళ్లలో మట్టి ఇంకా పోలేదు. యాప్‌లో ఆకు పెట్టి చూశాననీ, జెన్షన్ అనే చూపించిందనీ అన్నారు. కృతికి చెప్పారా అని అడిగాను. ఒప్పుకోదని తెలిసి అడగడం ఎందుకన్నారు. అది పనిచేసే చోట, అది లెక్కపెట్టే మొక్కలు అన్నాను. కొండంతా ఉన్నాయి, పది పోతే ఎవరికి తెలుస్తుందన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో అందరి గొంతులూ లేచాయి. చివరికి ఆయన గొంతు తగ్గించి ఒక్క మాట అన్నారు.

"ఆగస్టు దాకా టైమ్ అడిగాను కదా విద్యా. ఆ టైమ్ నాది. దాన్ని కూడా లాక్కోకు."

కృతికి మీరు చెప్పకపోతే నేను చెబుతానన్నాను. అది ఫోన్ చేసేది వారాంతాల్లోనే. కొండ మీద సిగ్నల్ ఉండదు. ఆ శనివారం ఆయన ఫోన్ తీసుకుని డెక్ మీదికి వెళ్లి చాలాసేపు మాట్లాడి వచ్చారు. చెప్పారా అంటే ఊఁ అన్నారు. మొహం చూస్తే నిజమేననిపించింది.

కషాయం అప్పటికే మొదలైంది. అత్తయ్య తెల్లారకుండా లేచి, ముక్కలు నీళ్లలో వేసి నాలుగో వంతుకి మరిగించేది. ఇల్లంతా పచ్చి చేదు వాసన కమ్మేది. పొద్దున చూసుకునే షుగర్ రోజురోజుకీ కొంచెం కొంచెం దిగసాగింది. రెండువందల పైన ఉన్నది కిందికి వచ్చింది, ఇంకా తగ్గింది. రాత్రి అన్నం మానేసి పుల్కాలు తింటున్నారు, సాయంత్రం నడుస్తున్నారు, అందువల్ల కావచ్చు అన్నాను. ఆయన వాదించలేదు. మీటర్ తెచ్చి నా కాఫీ కప్పు పక్కన పెట్టి, చూడు అన్నట్టు నిలబడ్డారు. చాలాకాలానికి ఆ మనిషి మొహంలో భయం లేదు. పోనీ, ఏమో, నిజమేనేమో అని ఆ క్షణాన నాకూ ఆశ పుట్టింది. ఆశ పుట్టగానే అడగాల్సిన ప్రశ్నలు వెనక్కిపోతాయి.

ఆగస్టు మొదట్లో ఒక పొద్దున నేను పనిలో ఉన్నాను. లిటిల్‌టన్‌లో ఒక పళ్ల డాక్టర్ దగ్గర ఫ్రంట్ డెస్క్ చూస్తాను. సెల్ బ్యాగ్‌లో ఉంది. ఆఫీస్ ఫోన్ మోగితే తీశాను. కృతి.

"అమ్మా, మీడోలో కుంకుమ ఉంది."

దాని గొంతుని ఒక్క క్షణం గుర్తుపట్టలేకపోయాను. వేరే కొండ మీద పని అయ్యాక ఆ పొద్దునే మళ్లీ అక్కడికి వెళ్లిందట. రాయి మీద పసుపూ కుంకుమా ఉన్నాయి, పక్కన తవ్విన గోతులు ఉన్నాయి. సిగ్నల్ కోసం ఫెయిర్‌ప్లే దాకా కారు నడుపుకుంటూ వచ్చి పెట్రోల్ బంక్ దగ్గర ఆపి మాట్లాడుతోంది. అంటే ఆయన ఆ శనివారం దానికేమీ చెప్పలేదు.

"పైన కొన్ని జెన్షన్. కింద క్రీక్ దగ్గర గోతుల్లో ఆకు ముక్కలు వదిలేశారు. అవి జెన్షన్ కాదు అమ్మా. కార్న్ లిలీ. వాటితో ఏం చేశారు?"

కషాయం అన్నాను. "నాన్న ఎక్కడ ఉన్నాడు?" అంది.

ఆయన ఆ రోజు ఇంటినుంచే పని చేస్తున్నారు. దాన్ని లైన్‌లో ఉంచి, సెల్‌లో ఇంటికి చేశాను. చాలాసేపటికి అత్తయ్య తీసింది. మొదటి కట్ట అయిపోయిందనీ, పొద్దున రెండో కట్ట మొదలుపెట్టామనీ, తాగినప్పటినుంచి మూతి చుట్టూ తిమ్మిరిగా ఉందని అంటున్నాడనీ, రెండుసార్లు వాంతి అయిందనీ చెప్పింది. పడుకున్నాడు, లేపితే కళ్లు తెరవడం లేదు, పైత్యం కదులుతోందేమో అంది.

"అమ్మా, ముందు నైన్ వన్ వన్ చెయ్యి. తర్వాత డ్రైవ్ చెయ్యి," అంది కృతి ఇంకో చెవిలో.

నైన్ వన్ వన్‌కి చెప్పి నేను వెళ్లేసరికి, ఇక్కడ అంబులెన్స్ కంటే ముందొచ్చే ఫైర్ ఇంజన్ మా వాకిట్లో ఉంది. బెడ్‌రూమ్‌లో ముగ్గురు ఆయన మీదికి వంగి ఉన్నారు. ఒంటినిండా చెమట, మొహం బూడిద రంగులో ఉంది. గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది, ఏం తిన్నారు అని ఒకతను అడిగాడు. ఏదో మొక్క అంటే చాలదు, ఏ మొక్కో తెలిస్తే హాస్పిటల్‌కి ముందే చెబుతాం అన్నాడు.

వంటింట్లోకి పరుగెత్తాను. అత్తయ్య పొయ్యి దగ్గర గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. మిగిలిన కట్ట ఎక్కడ అంటే వేలితో చూపించింది. వేళ్లు ముక్కలుగా కోసి ఉన్నాయి, వాటిని చూసి నేనేం చెప్పగలను. కట్ట అడుగున ఎండిన ఆకులు మూడు నాలుగు ఉన్నాయి. కృతికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి, వచ్చినవాళ్లు ఏ మొక్కని అడుగుతున్నారన్నాను.

"అమ్మా, ఒక ఆకు విండో దగ్గర పట్టుకో. లైట్‌కి ఎదురుగా. మధ్యలో ఒకటే పెద్ద లైన్ ఉండి, అందులోంచి చిన్నవి పక్కలకి వెళ్తున్నాయా? లేకపోతే అన్నీ కింద నుంచి పైకి పక్కపక్కనే వెళ్తున్నాయా?"

సింక్ పైన కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆకుని దానికి ఎదురుగా పట్టుకున్నాను. మధ్యలో పెద్ద ఈనె కోసం చూశాను. లేదు. మడత పక్కన మడత, పట్టుచీర కుచ్చిళ్లు పెట్టినట్టు, మొదలు నుంచి కొసదాకా.

"పక్కపక్కనే, కృతీ. కుచ్చిళ్లలాగా ఉన్నాయి."

"ఓకే, అయితే కార్న్ లిలీనే," అంది. "ఫోన్ వాళ్లకివ్వు అమ్మా."

నేను ఫోన్ తీసుకెళ్లి, మొక్క పేరు అడిగినతనికి ఇచ్చాను. అది మొక్క పేరు ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. శాస్త్రీయ నామం కూడా చెప్పింది. గుండె నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతుంది, ఏ మందు ఇస్తారో పాయిజన్ కంట్రోల్‌లో అడగండి అంది. ఆ గొంతులో వణుకు లేదు. మా ఆయన దాన్ని గడ్డి లెక్కపెట్టే పిల్ల అని ఎవరి దగ్గరా పైకి అనలేదు గానీ, ఆయన అనకుండానే నేను చాలాసార్లు విన్నాను.

ఎమర్జెన్సీలో గుండె వేగం పెరగడానికి మందు ఇచ్చారు. మానిటర్ మీద అంకె ముప్పైల్లో ఆగి, కదలక, మళ్లీ కొంచెం పైకి లేచి, మళ్లీ దిగింది. అత్తయ్యా నేనూ దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఆవిడ నావైపు వంగింది.

"ఇది ఆ చేదు కాదే విద్యా. కాచే ముందు నేను నోట్లో వేసుకు చూశాను. మొదటిది గొంతులోకి దిగింది. ఇది నాలిక మీదే ఆగిపోయి మొద్దుబార్చింది. ఘాటు ఎక్కువ, మంచిదే అనుకున్నాను."

ఆవిడ చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. చేతివేళ్ల చివర్లలో ఇంకా ఆ మొక్కల వేళ్ల రంగు ఉంది.

సాయంత్రానికి అంకె నిలబడింది. నర్సు వచ్చి, షుగర్ నాలుగువందలు దాటిందనీ, ఇంత కష్టంలో శరీరానికి అది సహజమేననీ, ఇన్సులిన్ మొదలుపెడుతున్నామనీ చెప్పింది. ఇదివరకు ఎప్పుడైనా తీసుకున్నారా, పడకపోవడం లాంటిదేమైనా ఉందా అని అడిగింది. ఆయన మగతలో ఉన్నారు. నర్సు ఇంగ్లీషులో అత్తయ్యకి అర్థమైనది ఇన్సులిన్ అన్న ఒక్క ముక్కే. అత్తయ్య చెయ్యి వచ్చి నా మోచేతి మీద పడింది. నేను తల తిప్పి చూడలేదు.

"లేదు, ఏమీ లేదు. ఇవ్వండి," అన్నాను.

కృతి ఆ బట్టల్లోనే, ఆ మట్టి మోకాళ్లతోనే వచ్చింది. మర్నాడు ఆయన పూర్తిగా తెలివిలోకి వచ్చేదాకా మంచం పక్కనుంచి కదల్లేదు, ఏడవలేదు కూడా. ఆయన కళ్లు తెరిచి దాన్ని చూసి, మొదట అన్నది యాప్ గురించి. అందులో జెన్షన్ అనే వచ్చింది తల్లీ అన్నారు.

"పైన తీసిన ఆకుకి చూశావు. కింద చూడలేదు," అంది అది. తర్వాత మెల్లగా, "మొక్కని పర్మిషన్ అడిగారు నాన్నా. నన్ను అడగలేదు," అంది.

ఆయన కళ్లు మూసుకున్నారు. కృతి లేచి నీళ్ల గ్లాసు ఆయన చేతికి అందించి, బయటికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం భోజనం ట్రే వచ్చే ముందు నర్సు ఇన్సులిన్ పెన్ను పట్టుకుని వచ్చింది. రాత్రిలాగే, నొప్పేమీ తెలియదు అంది. ఆయన నావైపు చూశారు.

"రాత్రి కూడానా?"

"రాత్రీ, పొద్దునా," అన్నాను.

ఎందుకు ఒప్పుకున్నావని అడుగుతారేమోనని ఎదురుచూశాను. అడగలేదు. నర్సు గౌను పక్కకి తొలగించి, పొట్ట మీద గుచ్చి తీసేసి, పోయింది. ఆయన గుచ్చిన చోట వేలితో తడుముకున్నారు. తర్వాత దుప్పటి కింద కాలి వేళ్లు కదులుతున్నాయో లేదో చూసుకున్నారు, ముందు ఒక కాలివి, తర్వాత రెండో కాలివి.

ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాం. కృతి ఆ రాత్రికి ఉండి పొద్దున్నే వెళ్తానంది. అది అప్పటికే వాళ్ల ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి, తవ్వింది మా ఇంటివాళ్లేనని చెప్పేసింది. ఆవిడ ముందు మీ నాన్న ఎలా ఉన్నారని అడిగిందట. తవ్వినవాటిలో రెండింటికి బిళ్లలున్నాయట, కృతి పుట్టకముందు నుంచీ చూస్తున్నవి. వాటి వివరాలు నువ్వే రాసి మూసెయ్యి అని మాత్రం అందట. ఇదంతా అది నాకు గిన్నెలు తుడుస్తూ చెప్పింది. ఆయన హాల్లో కూర్చుని వింటున్నారని మా ఇద్దరికీ తెలుసు.

అత్తయ్య ఎవర్నీ వంటింట్లోకి రానివ్వకుండా పప్పూ, బీరకాయ కూరా, చారూ చేసింది. కంచాలు పెట్టింది. ముగ్గురం కూర్చున్నాం. ఆవిడ నిలబడే వడ్డిస్తుంది, ఎన్నిసార్లు చెప్పినా వినదు. అన్నం స్టీలు హస్తంతో తీసి ముందు కొడుకు కంచం మీదికి చెయ్యి చాపింది.

"ఆస్పత్రిలో మొదలుపెట్టినదాన్ని నేను ఆపడం లేదు," అన్నారు ఆయన.

ఎవరినీ చూసి అనలేదు. పప్పు గిన్నెతో చెబుతున్నట్టు అన్నారు. కృతి తల ఎత్తింది. నేను మంచినీళ్ల గ్లాసు సగంలో దించాను. అత్తయ్య చెయ్యి కంచం మీద అలాగే ఆగింది. హస్తంలోంచి ఆవిరి లేస్తోంది.

"అన్నానికి ముందా, తర్వాతా?" అని అడిగింది.

"ముందు."

ఆవిడ హస్తంలో అన్నాన్ని తిరిగి గిన్నెలో వేసి, మూత పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అయితే కానియ్యి నాయనా. ఆగుతాం," అంది.